కాల్‌బ్యాక్, స్కోప్: అవుట్‌పుట్ ప్రశ్నలకు నేను ప్రిపేర్ అయిన పద్ధతి

అనంతపురంలో ప్లేస్‌మెంట్ టెస్టులకు చదువుతున్న జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, మామూలు ఫంక్షన్ల వరకు బాగానే ఉంది, కాల్‌బ్యాక్ రాగానే వేరియబుల్‌లో ఏ విలువ ఉంటుందో తెలియట్లేదు" అని. కాల్‌బ్యాక్ అంటే ఇంకో ఫంక్షన్‌కి ఇచ్చి, దాని చేత పిలిపించే ఫంక్షన్. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

జావాస్క్రిప్ట్ కోడ్ ఇచ్చి అవుట్‌పుట్ అడిగితే నేను రెండు విషయాలు విడివిడిగా చూసేవాణ్ణి. ఫంక్షన్ ఎక్కడ రాశారు, అది ఎప్పుడు నడుస్తుంది. ఏ వేరియబుల్ అనేది రాసిన చోటును బట్టి తేలుతుంది (స్కోప్ అంటే ఇదే), అందులో ఏ విలువ అనేది నడిచే సమయాన్ని బట్టి తేలుతుంది. టెన్షన్ అంతా ఈ రెండూ కలిపేయడం వల్లే.

అందరికీ తగిలే ప్రశ్న చూడండి. ఫర్ లూప్‌లో వార్ (var) అనే పదంతో ఐ (i) అనే వేరియబుల్ పెట్టి, 0 నుంచి మొదలుపెట్టి 3 కంటే తక్కువ ఉన్నంతసేపు తిప్పుతూ, లోపల సెట్‌టైమౌట్‌కి (ఇచ్చిన టైమ్ తర్వాత ఫంక్షన్‌ని నడిపేది) ఐని ప్రింట్ చేసే ఫంక్షన్ ఇస్తారు. టైమ్ 0 పెట్టినా సరే 3, 3, 3 వస్తుంది, ఎందుకంటే ఆ ఫంక్షన్ అప్పటికప్పుడు నడవదు, నడుస్తున్న కోడ్ మొత్తం అయ్యాకే దాని వంతు, అప్పటికి లూప్ ముగిసి ఐ 3 అయిపోయి ఉంటుంది, పైగా వార్ కాబట్టి మూడు ఫంక్షన్లూ చూసేది ఆ ఒక్క ఐనే. వార్ తీసి లెట్ (let) పెడితే 0, 1, 2. ప్రతి రౌండుకీ కొత్త ఐ వస్తుంది. లెట్ 2015లో భాషలోకి వచ్చింది, పాత కోడ్ అంతా వార్‌తోనే ఉంటుంది, కాబట్టి రెండూ తెలిసి ఉండాలి.

అయితే కాల్‌బ్యాక్ అనగానే ఆలస్యంగా నడుస్తుందని ఫిక్స్ అవ్వకండి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. లిస్టులో ఒక్కో విలువకీ ఫంక్షన్‌ని నడిపే ఫర్‌ఈచ్‌కి ఇచ్చింది వెంటనే నడుస్తుంది. బయట టోటల్ పెట్టి లోపల కూడుతూ పోతే, కింది లైన్‌లో మొత్తం సరిగ్గా వస్తుంది. అదే కూడిక ఫెచ్ (నెట్ నుంచి డేటా తెచ్చేది) తర్వాతి దెన్ (డేటా వచ్చాక నడిచేది) లోపల చేస్తే కింది లైన్‌లో ఇంకా పాత విలువే కనిపిస్తుంది. రెండు చోట్లా స్కోప్ ఒకటే, సమయమే వేరు.

జేఎన్‌టీయూ చుట్టుపక్కల రూముల్లో ల్యాప్‌టాప్ లేకుండా చదివేవాళ్లు ఉంటారు, ఏం పర్లేదు, ఇది కాగితం మీదే బాగా ఎక్కుతుంది. ముందు వెంటనే నడిచే లైన్లు రాసుకోండి, వాటి కింద వంతు కోసం ఆగిన ఫంక్షన్లు రాయండి, విలువలు మార్చుకుంటూ పోండి.

పైథాన్ తీసుకున్నవాళ్లకూ ఇది వస్తుంది. రేంజ్ 3 మీద లూప్ తిప్పి, ఐని తిరిగిచ్చే లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) లిస్టులో దాచి, తర్వాత పిలిస్తే 2, 2, 2 వస్తుంది, 3 కాదు, రేంజ్ 3 ఇచ్చే చివరి విలువ 2 కదా. 0, 1, 2 కావాలంటే లాంబ్డా పారామీటర్‌లోనే ఐ ఈక్వల్స్ ఐ అని ఇవ్వాలి.