మందల కూసున్నోని పని

"కూసుండుడానికా నీకు జీతం?" అన్నడు కఫీల్, అంటె సౌదీల నన్ను పనికి పెట్టుకున్న యజమాని. ఆయన పట్నంల ఉంటడు, శుక్రవారం శుక్రవారం మజ్రాకు, అంటె జీవాలుండే ఫారానికి, వస్తడు. కారు దిగంగనే మేకల నడుమ బకెట్ బోర్లేసుకొని కూసున్న మనిషి కండ్లవడ్డడు, కోపం వచ్చింది. ఆ మనిషిని నేనే, అప్పుడు జవాబు చెప్పేటంత అరబ్బీ నాకు నోటికి రాలే. అందుకే తెలుగుల రాస్తున్న, ముఖ్యంగ జగిత్యాల, సిరిసిల్ల, హుస్నాబాద్ దిక్కు నుంచి మంద కాసే పనికి సౌదీ వచ్చే తమ్ముళ్ల కోసం.

మన దిక్కు గొల్లాయన కట్టె మీద గదువ ఆనిచ్చి గంట సేపు నిలవడితే, ఎందుకు నిలవడ్డవని అడిగేటోడు లేడు. ఆయన చూపు మంద మీదనే ఉన్నదని ఊరందరికీ ఎరుకే. ఇక్కడ బర్సీం (పచ్చిమేత గడ్డి) కట్టలు మోసుడు, పెంట ఎత్తుడు, ట్యాంకర్ నీళ్లు నింపుడు పని కింద జమ. చూసుడు ఏ లెక్కల రాదు. అందరు కఫీల్లు ఇట్లనే అంటలేను. మందతోని పెరిగిన ముసలి బద్దూలు (ఎడారిల మంద కాసే తెగలోళ్లు) తామే వచ్చి మేకల పక్కన కూసుంటరు, ఒక్క మాట అనరు. చిన్నప్పటి నుంచి జీవాలను చూసినోళ్లకు ఆ కూసుండుడు ఏందో తెలుసు.

శివరాత్రి అటుఇటు ఉన్న ఈ రోజులల్లనే కూసుండుడు ఎక్కువ కావాలె. మన దగ్గర మోదుగులు పూసి, ఐనవోలు మల్లన్నకు పట్నాలు ఏస్తున్న కాలం. ఇక్కడ రాత్రి చలి ఇంకా పోదు, పగలు ఎండ హాయిగ ఉంటది, చలికాలం వాన వడ్డ కాడ ఎడారి పచ్చవడుతది. మేకలు ఈని పిల్లలతోని ఉంటయి. మనసుకు మంచిగనిపించే కాలం ఇదే, పిల్లలు చచ్చే కాలం కూడ ఇదే.

పొద్దుగాల మేత అయినంక జీవాలు పండుకొని నెమరేస్తయి. అప్పుడు పోవాలె. జేబులు ఖాళీ చేసుకోవాలె, మెడకు రుమాలు ఉంటె తీసెయ్యాలె, గుంజి నములుతయి. బర్సీం కట్టకు కట్టిన సుతిలి విప్పంగనే లెక్క పెట్టి తీసిపెట్టాలె. కట్టకు రెండుంటె రెండూ చేతికి రావాలె. సుతిలి మింగిన మేకకు అది పొట్టల ఉండ కట్టి మేత ముందుకు పోదు. వీపు గోడకు ఆనిచ్చి, కిందికి కూసోవాలె. పైనుంచి వంగిన మనిషంటె మేకకు భయం. దాని కంటిపాప అడ్డంగ ఉంటది, చుట్టూ చానమటుకు కనవడుతది, అందుకే ఎనుక నుంచి మెల్లగ పోతున్నమనుకున్నా దానికి ముందే తెలుస్తది. మనం పోవద్దు, దాన్నే రానియ్యాలె. ముందు మూతితోని చెయ్యి వాసన చూస్తది, పెదవులతోని వేళ్లు తడుముతది. అప్పుడు చెయ్యి కింది నుంచి పెట్టి గదువ కింద, ఎద మీద, జబ్బ మీద గోకాలె. నచ్చితె మెడ చాపి, పెయ్యంత మన మోకాలికి ఆనిస్తది. నొసలు మీద చెయ్యి పెట్టి తొయ్యొద్దు, ముఖ్యంగ పోతు పిల్లలను. ఇయ్యాల ఆటనుకొని తోస్తె, పెరిగినంక అదే అలవాటుతోని మోకాలు చిప్ప మీద కుమ్ముతది.

ఈ కాలంల మేకకు లోపలి సన్న బొచ్చు ఊడుతది, దురద పుడుతది, అందుకే గోకిపిచ్చుకోవడానికి మరింత ఎగవడి వస్తయి. చేతికి కుచ్చులు కుచ్చులుగ బొచ్చు వస్తే భయం లేదు. దాని కింద తోలు సాఫ్‌గ ఉన్నదా లేదా అన్నదే చూడాలె. పొక్కు కట్టి, తోలు మందమై, అక్కడక్కడ బట్టతల లెక్క పడితె గజ్జో పేలో. అట్లాంటిదాన్ని ఆ పొద్దే వేరే దొడ్ల కట్టాలె.

గోకుకుంటనే చెయ్యి ఎన్నుపూస మీదికి పోతది. ఎముకలు పదునుగ తగిలితె తిండి సరిపోతలేదు, లేదంటె నట్టలు (కడుపుల పురుగులు) ఉన్నయి. కింది కనురెప్ప గుంజి చూడాలె. లోపల ఎర్రగ, గులాబి రంగుల ఉండాలె, తెల్లగ పాలిపోతె రక్తం తాగే నట్టలు ఉన్నయేమోనని అనుమానించాలె. గదువ కింద నీరు దిగి మెత్తగ సంచి లెక్క వేలాడితె నట్టల మందు ఆలస్యం చెయ్యొద్దు. పొదుగు రెండు దిక్కులా పట్టి చూడాలె. ఒక దిక్కు వేడిగ, గట్టిగ ఉంటె పొదుగువాపు. ఎడమ డొక్కల పిడికిలి పెట్టి ఒక నిమిషం ఊకుంటె లోపల పొట్ట ఒకటి రెండు సార్లు పిడికిలిని పైకి తోస్తది. అది ఆగిందంటె ఎంత నిగనిగలాడే మేకైనా రోగం మొదలైనట్టే. ఇదంత చూడాలంటె మేక మన దగ్గర కదలకుండ నిలవడాలె. మనిషిని చూస్తె ఉరికే మందల ఒక్కొక్కదాన్ని ఎనుక కాలు పట్టి గుంజుడు తప్ప ఇంకో దారి లేదు. అట్ల ఉరికించి పట్టినంక ఊపిరి ఎక్కువున్నదా, జ్వరమున్నదా అని చెప్పెటట్టు ఉండదు. సోపతి ఉన్న మేకకు థర్మామీటర్ పెట్టినా నిలవడుతది. 102 నుంచి 103.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే.

మేక కూడ మనిషి దిక్కు చూస్తది. లండన్‌ల క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు 2016ల పరీక్ష పెట్టి చూసిండ్రు. లోపల తిండి ఉండి తెరుచుకోని డబ్బా ముందు మేకలు మనిషి ముఖం దిక్కు చూసినయట. మజ్రాల పనిచేసేటోళ్లకు ఇది కొత్త కాదు. నీళ్ల తొట్టి ఎండిపోతె పెద్ద మేక వచ్చి మన ముందర నిలవడుతది. కాని చూసేటోడు ఒకడు అక్కడ ఉండాలె గదా.

అన్నిటికన్న పెద్ద గండం చిటుక రోగం, అంటె పేగులల్ల విషం పుట్టి జీవం ఉన్నట్టుండి చచ్చే రోగం. మన దగ్గర దాని టీకా వానకాలం ముందు ఏస్తరు, ఎందుకంటె తొలకరి పచ్చిక ఒక్కసారి తిని జీవాలు పడిపోతయి. ఇక్కడ పచ్చిక వచ్చేది చలికాలం చివర. ఊరి క్యాలెండర్ పట్టుకొని మే నెల దాక ఆగితె లాభం లేదు. చూలు మేకలకు ఈనే నెల ముందే టీకా పడితె జున్నుపాల ద్వారా పిల్లలకు కాపుదల వస్తది. మొదటిసారి టీకా వేసే జీవానికి రెండు మూడు వారాల ఎడంతోని రెండో డోసు తప్పదు. పచ్చిక కాడికి ఆకలి మీద తోలొద్దు. ముందు ఎండుగడ్డి, తిబిన్ (ఎండు పొట్టు) పెట్టాలె, మంచు ఆరినంక విడవాలె, మొదటి రోజు అరగంట, తరువాత వారం పది రోజులల్ల మెల్లగ పెంచాలె. దాణాల బార్లీ ఎక్కువ చేసేటప్పుడు కూడ ఇదే పద్ధతి. బలంగ, బాగ తినే పిల్లనే ముందు పడుతది. రాత్రి ఎగిరింది, తెల్లారి చచ్చి ఉంటది, దగ్గర కూసోనోడు పాము కరిసిందంటడు. ఉబ్బరం వేరు. ఎడమ డొక్క ఉబ్బి, మేత మానేస్తె ముందు కాళ్లు ఎత్తు మీద పెట్టి డొక్క రుద్దాలె. పెద్ద మేకకు వంటనూనె 100 మిల్లీలీటర్ల దాక మెల్లమెల్లగ తాపాలె. తల పైకి ఎత్తి పోస్తె నూనె ఊపిరితిత్తులల్లకు పోతది, అది ఉబ్బరం కన్న ముందు చంపుతది.

పిల్ల పుట్టిన గంట లోపల జున్నుపాలు తాగాలె. బొడ్డును టింక్చర్ అయోడిన్‌ల ముంచాలె. ఆ మొదటి రోజులల్ల చేతి వాసన మరిగిన పిల్ల పెద్దగైనా మనిషిని ఇడిచిపెట్టది.

ఇక కఫీల్‌కు జవాబు. చిన్న నోట్‌బుక్ పెట్టుండ్రి. చెవి ట్యాగ్ నంబర్, తారీకు, ఏం కనవడ్డది, ఏం చేసినం, అంతే. నంబర్లు అరబ్బీ అంకెలల్ల రాస్తె ఆయనే చదువుకుంటడు, ఆ పది అంకెలు ఒక్క పొద్దుల వస్తయి. మరీద్ అంటె రోగం మీద ఉన్నది, బతన్ అంటె కడుపు, ఐన్ అంటె కన్ను. శుక్రవారం కారు దిగంగనే బుక్కు చేతుల పెట్టి, ఆ నంబరున్న మేక కాడికి తీస్కపోయి, ఆయన పిడికిలి ఎడమ డొక్క మీద పెట్టిపిచ్చుండ్రి.