తక్‌పట్టీ ఎండ్ల తెరుచుకోవాల్నో జావాకెందుకు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేనే చూసుకుంట. జావా స్వింగ్‌ల (జావాల తెర మీది విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) రాసిన పాత సరుకు. మిర్చి కాంటా అయినంక గుమస్తా బటన్ నొక్కితే రైతు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) పీడీఎఫ్ అయి తెర మీదికి రావాలె. మొన్న కొత్త కంప్యూటర్ పెట్టిండ్రు, అది బందైంది. "అన్నా, బటన్ నొక్కితే ఉలుకు లేదు పలుకు లేదు" అని ఫోన్.

కోడ్ తీసి చూస్తే, నాకంటే ముందు రాసినాయన రన్‌టైమ్ ఎగ్జెక్‌ల (జావా నుంచి వేరే ప్రోగ్రాం నడిపే మెథడ్) అక్రోబాట్ రీడర్ అడ్రస్ సీ డ్రైవ్‌తో సహా రాసి పెట్టిండు. కొత్త మిషన్ల అక్రోబాటే లేదు, పీడీఎఫ్‌లు బ్రౌజర్ల తెరుచుకుంటయి. వచ్చిన ఎక్సెప్షన్‌నేమో, అంటే తప్పు జరిగిందన్న కబురును, ఖాళీ క్యాచ్ (తప్పును పట్టుకొని ఏం చెయ్యని కోడ్) మింగి కూసుంది. ఖాళీ క్యాచ్ రాసెటోళ్లను మండుటెండల మిర్చి బస్తాలు మోయించాలె.

ఏ ఫైల్ దేంట్ల తెరవాల్నో విండోస్‌కు తెలుసు. దాన్నే అడుగుతే సరిపాయె. అందుకే జావా 6ల, అంటే 2006లనే, డెస్క్‌టాప్ క్లాస్ ఇచ్చిండ్రు:

డెస్క్‌టాప్.గెట్‌డెస్క్‌టాప్().ఓపెన్(ఫైల్);

దీనికి ముందు, ఈ మిషన్ల ఇది నడుస్తదా అని ఈజ్‌డెస్క్‌టాప్‌సపోర్టెడ్ అడగాలె. తెరిచే యాప్ లేకుంటే ఐఓఎక్సెప్షన్ వస్తది. ఫైలే లేకుంటే మాత్రం ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్. దాన్ని పట్టుకొమ్మని కంపైలర్ అడగది, మనమే యాది పెట్టుకోవాలె.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌ల ఉండే స్టార్ట్ కమాండ్‌తోని కూడ తెరవొచ్చు గని అదో తలనొప్పి. మా ఫైల్ పేర్లు రైతుల పేర్లే, నడుమ స్పేస్ ఉంటది. కోట్స్ పెడితే స్టార్ట్ దాన్ని విండో టైటిల్ అనుకుంటది. ముందు ఖాళీ కోట్స్ ఇంకో జత పెడితేనే ఫైల్ దాకా పోతది.

ఓపెన్‌తోని ఒక్కటే తిరకాసు: యాప్‌ను లేపి వెంటనే తిరిగొస్తది, చేతికి ప్రాసెస్ (నడుస్తున్న ఆ ప్రోగ్రాం పట్టు) ఇయ్యది. గుమస్తా పీడీఎఫ్ ఎప్పుడు మూసిండో మనకు తెల్వది. పాత కోడ్ వెయిట్‌ఫర్ (ప్రోగ్రాం మూసేదాకా ఆగే మెథడ్) పెట్టి, రీడర్ మూసినంక ఫైల్ చెరిపేసేది. ఆ చెరిపే లైన్ అట్లనే ఉంచితే బ్రౌజర్ చదివేలోపే ఫైల్ మాయం. ఇప్పుడు తారీఖు పేరుతోని ఫోల్డర్‌ల వేస్తున్న, తెల్లారి ప్రోగ్రాం లేవంగనే నిన్నటి ఫోల్డర్ పోతది.

డెస్క్‌టాప్‌ల ప్రింట్ మెథడ్ కూడ ఉంది గని నేను ముట్టలే. పీడీఎఫ్‌ను తెరిచే యాప్ విండోస్‌ల ప్రింట్ కమాండ్ రాయించుకోకుంటే మళ్ల ఐఓఎక్సెప్షనే. ప్రింట్ పని పీడీఎఫ్‌బాక్స్ అనే జావా పీడీఎఫ్ లైబ్రరీతోని, జావాల ప్రింట్ పని చూసే ప్రింటర్‌జాబ్‌కు పంపుతున్న.