భోగి పొగ

ఈ భోగి తెల్లవారుజామున చెన్నై పెరంబూరులో మా మేడ ఎక్కితే ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా కనిపించలేదు. మంచు అనుకున్నాను. గొంతు మండాక తెలిసింది, అందులో చాలావరకు పొగేనని. కిందికొస్తే అమ్మ ఆయాసంతో మంచం మీద కూర్చుని ఉంది. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చినా తేరుకోలేదు. నాకు ఒకటే టెన్షన్.

వేసవిలో మంట వేసినా పొగ వస్తుంది, కానీ పైకి పోతుంది. జనవరి రాత్రుల్లో నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా అక్కడే ఉండిపోతుంది. పైనున్న వెచ్చటి పొర మూతలా పనిచేస్తుంది. పొగ రేణువులకు తేమ పట్టి మంచు ఇంకా చిక్కబడుతుంది. 2018 భోగికి చెన్నై విమానాశ్రయంలో విమానాలు ఆగిపోయింది ఇలాగే.

ఎండెక్కి, సముద్రపు గాలి మొదలయ్యాకే ట్యాంకు కనిపించింది. అప్పుడు అమ్మ కాఫీ అడిగింది.

చిన్నప్పుడు మా ఇంట్లోనూ భోగిమంట వేసేవాళ్లం, పిడకలతో. ఇప్పుడు వీధిలో కాలుతున్నవి టైర్లు, ప్లాస్టిక్. వచ్చే ఏడు పండక్కి వారం ముందే ఇంటింటికీ వెళ్లి వద్దని అడుగుతాను, తెలుగులోనూ తమిళంలోనూ.