విస్టాకి ఇంకో ఛాన్స్

మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ విస్టా పేరెత్తితే మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. అయినా సరే, మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచి, సర్వీస్ ప్యాక్ 2తో (లోపాలు సరిదిద్దిన అప్‌డేట్ల మూట) విస్టా వేసి కొన్నాళ్లు వాడాను. నెట్‌కి మాత్రం కలపలేదు, 2017 ఏప్రిల్‌లోనే దానికి సపోర్ట్ ఆగిపోయింది, మీరూ కలపకండి.

హాయిగా నడిచింది!

2007 జనవరిలో అది జనంలోకి వచ్చేనాటికి చాలా పీసీల్లో ఉన్న ర్యామ్ 512 ఎంబీనో 1 జీబీనో. విస్టాకి అది చాలదు. పైగా స్క్రీన్ మీద బొమ్మ గీసే డ్రైవర్ల (కార్డుని నడిపించే ప్రోగ్రామ్‌ల) పద్ధతినే మొత్తం మార్చేశారు, గ్రాఫిక్స్ కార్డుల కంపెనీలేమో అందుకు సిద్ధంగా లేవు, దాంతో క్రాష్‌ల మీద క్రాష్‌లు. ఇప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ పడిపోతే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చేస్తుంది కదా, విండోస్‌లో అది మొదలైంది ఆ మార్పుతోనే. కొత్త హంగులు నడవని మెషీన్లకి కూడా 'విస్టా కేపబుల్' అని స్టిక్కర్ అంటించి అమ్మడం మాత్రం అన్యాయం, దాని మీద అమెరికాలో కోర్టు కేసు కూడా పడింది.

ఏది నొక్కినా "అనుమతిస్తారా?" అని అడిగే ఆ యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) బాక్స్‌ని తిట్టనివాళ్లు లేరు. కానీ విస్టాకి ముందున్న విండోస్ ఎక్స్‌పీలో మనందరం అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ అకౌంట్‌తోనే తిరిగేవాళ్లం, ఏ చెత్త ప్రోగ్రామ్ అయినా నేరుగా సిస్టమ్ ఫైళ్లలో వేలు పెట్టేది. ఈ బాక్స్ విసిగించబట్టే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దారికొచ్చారని నా అభిప్రాయం.

తెలుగు సంగతి ఎవరూ చెప్పరు. ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ వెతికి పెట్టాలి. విస్టాలో ఏమీ చేయకుండానే ఒత్తులతో సహా చక్కగా వచ్చేది.

2008లో మైక్రోసాఫ్ట్ ఓ తమాషా చేసింది. విస్టా అంటే పడని ఎక్స్‌పీ వాడకందార్లకి 'మొహావే' అనే కొత్త సిస్టమ్ అని చెప్పి విస్టానే చూపించింది, చాలామంది బాగుందన్నారు. మంచి మెషీన్ మీద కాసేపు డెమో చూపిస్తే ఏదైనా బాగుంటుంది, పాత ప్రింటర్‌ తగిలించమంటే తెలిసేది. అయినా 2009లో విండోస్ 7 వచ్చాక అందరూ ఆహా అన్నది చాలావరకు ఇదే సరుకు చూసి. లోపలి వెర్షన్ నంబర్లు చూడండి, విస్టాది 6.0, ఏడుది 6.1. మధ్యలో డ్రైవర్లు కుదురుకున్నాయి, ర్యామ్ చవకైంది, అనుమతి బాక్సులు తగ్గించారు.

కుడిపక్క గడియారం, ఫొటోలు తిప్పే ఆ సైడ్‌బార్ మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. మొదటిరోజే తీసేశా.