కాలిన్ కౌంటీలో కలెక్టరు ఉండడు

పిల్లలు టెక్సస్‌లో ఇల్లు కొన్నారంటే ఒంగోలులోనో కావలిలోనో ఉన్న అమ్మానాన్నలు "మావాడు డల్లాస్‌లో కొన్నాడు" అని చెప్పుకుంటారు. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్, ప్రాస్పర్ లాంటి మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు చాలావరకు డల్లాస్ కౌంటీలో లేవు. దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న కాలిన్ కౌంటీలో ఉన్నాయి. ఏ కౌంటీ అయితే ఏముందిలే అనుకోవడానికి లేదు. ఇంటి పన్ను ఎక్కడ కట్టాలి, ఇంటి దస్తావేజు ఎక్కడ నమోదు చేయించాలి, కోర్టు నోటీసు ఎక్కడినుంచి వస్తుంది, ఇవన్నీ కౌంటీని బట్టే ఉంటాయి. ఫ్రిస్కో అయితే కొంత కాలిన్‌లో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఊరు ఒకటే, ఆఫీసులు వేరు. ఇల్లు చూసేటప్పుడు ఊరి పేరుతోపాటు కౌంటీ పేరు కూడా అడిగి తెలుసుకోవాలి.

"కౌంటీ అంటే మన జిల్లానే గదా" అని సర్దుకుంటాం. మ్యాపు వరకు ఆ పోలిక పనికొస్తుంది. పని పడినప్పుడు మాత్రం ఆ పోలికే తప్పుదారి పట్టిస్తుంది.

ముందు మ్యాపు చూద్దాం. మన జిల్లాల సరిహద్దులు వాగుల వెంట, కొండల వెంట వంకరలు తిరుగుతూ పోతాయి. కాలిన్ కౌంటీ స్కేలు పెట్టి గీసినట్టు దాదాపు చదరంగా ఉంటుంది. మొత్తం 886 చదరపు మైళ్లు, అంటే నెల్లూరు జిల్లాలో నాలుగో వంతు కూడా కాదు. 1846 ఏప్రిల్ 3న ఫానిన్ కౌంటీ నుంచి విడదీసి దీన్ని ఏర్పాటు చేశారు. కాలిన్ మెకిన్నీ అనే పెద్దాయన పేరు పెట్టారు. ఆయన 1766లో న్యూజెర్సీలో పుట్టాడు. 1836లో మెక్సికో నుంచి టెక్సస్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పుడు ఆ పత్రం మీద సంతకం చేసినవాళ్లందరిలోకీ వయసులో పెద్దవాడు, అప్పటికి 69 ఏళ్లు. ఉత్తర టెక్సస్ కౌంటీల గీతలు అంత తిన్నగా ఉండడానికి ఆయన పట్టుదలే కారణమని చెబుతారు. కౌంటీకి ఆయన పేరు పెట్టారు, కౌంటీ కేంద్రానికి ఇంటిపేరు పెట్టారు. ఒకే మనిషి పేరు రెండు ముక్కలై రెండు చోట్ల నిలిచింది.

మెకిన్నీ మొదటి కేంద్రం కాదు. మొదట బక్నర్ అనే ఊరు ఉండేది. కౌంటీ నడిబొడ్డుకు మూడు మైళ్ల లోపల కేంద్రం ఉండాలన్న నియమానికి అది సరిపోలేదు. 1848లో కేంద్రం మెకిన్నీకి మారింది, బక్నర్ మెల్లగా చెదిరిపోయింది. కందుకూరువాళ్లకు ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. 1970లో నెల్లూరు నుంచి విడిపోయి ఒంగోలు జిల్లాలో కలిసిన కందుకూరు, 2022లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఆఫీసు ఎటు పోతే జనం అటు తిరగాల్సిందే. టెక్సస్‌లో మాత్రం కౌంటీలు 254 దగ్గర ఆగిపోయాయి. కొత్త కౌంటీ ఏర్పాటు చేసి వందేళ్లు దాటింది.

ఇక నేల. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కొన్నవాళ్ల డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే. ఒంగోలు చుట్టుపక్కల శనగ వేసే నల్లరేగడి ఎలా ఉంటుందో, కాలిన్ కౌంటీ నేల చాలావరకు అదే జాతి. అక్కడ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. 1872లో రైలు వచ్చాక ఆ నేల మీద పత్తి విరగపండింది. అదే నేల ఇంటికి మాత్రం శత్రువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. మన దగ్గర రేగడిలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పునాది లోతుగా తీసి, ఇసుకో గ్రావెలో నింపిస్తారు. అక్కడ ఇళ్లు ఎక్కువగా నేల మీదే పోసిన కాంక్రీటు పలక మీద నిలబడతాయి. పలక కింద ఒకవైపు తడి, ఒకవైపు పొడి ఉంటే నేల ఒకవైపే లేస్తుంది. ఇల్లు వంగుతుంది.

గుర్తులు ఇవీ: బయట ఇటుక గోడ మీద పగులు మెట్లు మెట్లుగా ఎక్కుతూ పోతుంది. ఒకప్పుడు సాఫీగా మూసుకున్న తలుపు పైమూలలో పట్టేస్తుంది. కిటికీ మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా గీత కనిపిస్తుంది. జులై, ఆగస్టు ఎండల్లో పలకకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి నేరుగా నీళ్లు పోయకూడదు. నీరు పలక కిందికి జారి ఒకేచోట నిలిచి ఆ మూలనే ఉబ్బిస్తుంది. చిల్లుల పైపును గోడకు అడుగు, అడుగున్నర దూరంలో ఇంటి చుట్టూ పరిచి, కొద్ది కొద్దిగా, అన్నివైపులా ఒకేలా తడపాలి. నేల ఎప్పుడూ ఒకే తడిలో ఉండడం ముఖ్యం, బురద కావడం కాదు. చూరు నీరు గోడ పక్కనే పడకుండా పైపుతో దూరంగా వదలాలి. గోడకు దగ్గరగా పెద్ద చెట్టు నాటకూడదు, వేర్లు ఒకవైపు తడినంతా పీల్చేస్తాయి. మనవాళ్లు ఆప్యాయంగా గోడ పక్కనే మునగ, కరివేపాకు పెట్టుకుని రోజూ బక్కెట్లతో నీళ్లు పోస్తుంటారు. కుండీలో పెడితే ఇల్లూ బాగుంటుంది, మొక్కనూ చలికాలంలో లోపలికి తెచ్చుకోవచ్చు.

పత్తి చేలు ఇళ్లుగా మారిన వేగం లెక్కల్లో చూస్తే తెలుస్తుంది. 1960లో జనాభా 41,247. 1990లో 2,64,036. 2020 జనగణనకి 10,64,465. డల్లాస్ నుంచి ఉత్తరానికి వెళ్లే 75వ నంబరు హైవే వెంట ఊళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కంపెనీలు ప్లేనోకి వచ్చాయి, టయోటా తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని 2017లో అక్కడ తెరిచింది. కంపెనీల వెంట మనవాళ్లూ వచ్చారు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి వెలిసింది.

ఇప్పుడు అధికారం సంగతి. మన జిల్లాకు రాష్ట్ర ప్రభుత్వం కలెక్టరును పంపుతుంది. భూమి, శిస్తు, విపత్తులు, అర్జీలు అన్నీ ఆయన చేతి కిందే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే ఏ శాఖదైనా అక్కడినుంచే కదులుతుంది. కాలిన్ కౌంటీలో అలాంటి మనిషే లేడు. కమిషనర్స్ కోర్టు అని ఐదుగురి మండలి ఉంటుంది. పేరులో కోర్టు ఉన్నా అది బడ్జెట్ వేసి, పన్ను రేటు నిర్ణయించి, రోడ్లు, జైలు ఖర్చు చూసే పాలకవర్గం. దానికి అధ్యక్షత వహించే కౌంటీ జడ్జిని కౌంటీ అంతా కలిసి ఎన్నుకుంటుంది. మిగతా నలుగురు కమిషనర్లను నాలుగు భాగాలుగా చేసిన ప్రాంతాల నుంచి ఎన్నుకుంటారు. పదవీకాలం నాలుగేళ్లు.

వాళ్లు కూడా మిగతా ఆఫీసుల మీద పెత్తనం చెయ్యలేరు. కౌంటీ పోలీసు అధికారి అయిన షెరిఫ్, కౌంటీ క్లర్కు, కోర్టు కాగితాలు చూసే డిస్ట్రిక్ట్ క్లర్కు, పన్నుల అధికారి, ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే అటార్నీ, అందరూ విడివిడిగా ఎన్నికైనవాళ్లే. ఎవరినీ బదిలీ చేయించలేం, పై అధికారికి ఫిర్యాదు చేసి పని చేయించుకోలేం. నచ్చకపోతే ఎన్నికల్లో దించాలి. కాబట్టి ఏ పనికి ఏ తలుపు తట్టాలో తెలియడమే సగం పని.

ఇంటి దస్తావేజు, పెళ్లి లైసెన్సు కౌంటీ క్లర్కు దగ్గర. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదన్నమాట. కారు రిజిస్ట్రేషన్ పన్నుల అధికారి దగ్గర. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం కౌంటీది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. ఊళ్లో దొంగతనం జరిగితే ఊరి పోలీసు. షెరిఫ్ గస్తీ ఎక్కువగా ఊరి హద్దు బయట, జైలు కూడా ఆయనదే. అద్దె ఇల్లు ఖాళీ చేయించే కేసు, 20,000 డాలర్ల లోపు డబ్బు తగాదా అయితే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు. బడి ఇంకో లోకం. స్కూల్ డిస్ట్రిక్టుకు సొంత బోర్డు, సొంత పన్ను ఉంటాయి, కౌంటీ మాట అక్కడ చెల్లదు.

పెళ్లి విషయంలో మనవాళ్లు ఎక్కువగా తప్పే చోటు ఒకటుంది. ఇక్కడినుంచి సిద్ధాంతి ముహూర్తం పెట్టి పంపుతాడు, వాళ్లు ముందురోజు క్లర్కు ఆఫీసుకు వెళతారు. టెక్సస్‌లో లైసెన్సు చేతికొచ్చాక మామూలుగా 72 గంటలు ఆగితేగాని పెళ్లి చెయ్యకూడదు. తీసుకున్న 90 రోజుల్లోపే చేసుకోవాలి. తర్వాత పురోహితుడు సంతకం పెట్టిన కాగితం 30 రోజుల్లోగా క్లర్కుకు తిరిగి చేరాలి. సంతకం అయ్యాక ఆ కాగితం పెళ్లి బట్టల పెట్టెలో ఉండిపోతే తర్వాత వీసా పనుల్లో ఇబ్బంది పడతారు.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంటి పన్ను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ బరువులో చాలా భాగం ఇంటి మీద పడుతుంది. బిల్లులో కౌంటీ, ఊరు, స్కూల్ డిస్ట్రిక్టు, కాలిన్ కాలేజీ అన్నీ విడివిడి వాటాలు. పెద్ద వాటా బడిది. కొత్త లేఅవుట్లలో నీళ్లు, మురుగు పనుల అప్పు తీర్చడానికి మడ్ అనే ప్రత్యేక డిస్ట్రిక్టు పన్ను అదనంగా ఉండొచ్చు. ఇల్లు చవకగా వస్తోందని సంబరపడేముందు అది ఉందేమో చూసుకోవాలి.

ఇంటి విలువ కట్టేది కౌంటీ కాదు, అప్రైజల్ డిస్ట్రిక్టు అనే వేరే సంస్థ. జనవరి 1 నాటికి ఇల్లు ఎలా ఉంటే అలా విలువ కడుతుంది. ఇందులోనే కొత్త ఇల్లు కొన్నవాళ్లకు దెబ్బ తగులుతుంది. జనవరి 1న ఖాళీ స్థలమో, సగం కట్టిన ఇల్లో ఉంటే మొదటి ఏడు బిల్లు చాలా తక్కువ వస్తుంది. ఇంటికి అప్పిచ్చిన బ్యాంకు దాన్నిబట్టే నెల కంతులోంచి పన్ను కింద డబ్బు పక్కన పెడుతుంది. రెండో ఏడు పూర్తి ఇంటికి పన్ను పడగానే పాత లోటు, కొత్త పెంపు కలిసి నెల కంతు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మొదటి ఏడాదే ఆ తేడా డబ్బు విడిగా దాచుకోవాలి.

సొంత ఇంట్లో తామే ఉంటున్నవాళ్లకు హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. బడి పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే ఈ మొత్తాన్ని 2023లో 1,00,000 డాలర్లు చేశారు. 2025 నవంబరులో ఓటర్లు 1,40,000 చేశారు. 5,00,000 డాలర్ల ఇంటికి బడి రేటు నూటికి డాలరు అనుకుంటే, మినహాయింపు లేకపోతే 5,000 కట్టాలి, ఉంటే 3,600. ఏటా 1,400 డాలర్లు ఒక్క ఫారంతో మిగులుతాయి. పౌరసత్వం అడ్డు కాదు, ఆ ఇల్లే నివాసమా అన్నదే చూస్తారు. డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా కొత్త ఇంటిదే ఉండాలి. పాత అపార్ట్‌మెంట్ చిరునామాతో పంపితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఫారానికి రుసుము లేదు. ఫీజు కట్టమని ప్రభుత్వ కాగితంలా కనిపించే ఉత్తరం వస్తే పక్కన పడేయండి. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడు నుంచి పన్ను విలువ ఏటా 10 శాతానికి మించి పెంచడానికి వీల్లేదు, ఇంటికి కొత్తగా గదులు కలిపితే తప్ప.

విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే అప్పటికి అభ్యంతరం వెయ్యాలి. టెక్సస్‌లో అమ్మకం ధర బయటపెట్టాలన్న చట్టం లేదు కాబట్టి పక్క ఇళ్ల ధరలు ఏజెంటు దగ్గర తీసుకోవాలి. అప్రైజల్ డిస్ట్రిక్టు తన దగ్గరున్న ఆధారాలను విచారణకు 14 రోజుల ముందు ఇవ్వాలి, కానీ అడిగినవాళ్లకే ఇస్తుంది. అడగండి. పునాది పగుళ్ల ఫొటోలు, బాగుచేతకు కాంట్రాక్టరు రాసిచ్చిన అంచనా ఉంటే వాదనకు బలం. "పన్ను ఎక్కువైపోయింది" అన్న మాట అక్కడ పనిచెయ్యదు, ఇంటి విలువ గురించే మాట్లాడాలి.

బిల్లు అక్టోబరు ప్రాంతంలో వస్తుంది, జనవరి 31 గడువు. ఫిబ్రవరిలో కడితే 7 శాతం అదనం, జులైకి 18 శాతం, దానిమీద వసూలు ఫీజు 20 శాతం దాకా పడొచ్చు. బ్యాంకు కడుతుందిలే అని ధీమాగా ఉండగా ఆ అప్పు మరో బ్యాంకుకు మారిపోయి, మధ్యలో బిల్లు ఎవరూ కట్టని సందర్భాలు ఉంటాయి. జనవరి మధ్యలో ఒకసారి పన్నుల ఆఫీసు వెబ్‌సైటులో ఇంటి నంబరు కొట్టి చూసుకోవాలి.

చివరిగా ఓటు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్‌లో "ఓటరుగా నమోదు చెయ్యమంటారా" అని అడుగుతారు. వీసా మీదున్నా, గ్రీన్‌కార్డు ఉన్నా "వద్దు" అనే చెప్పాలి. పొరపాటున అవునని టిక్ పెట్టినా పౌరసత్వం దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. కోర్టు కేసుల్లో తీర్పు చెప్పడానికి మామూలు పౌరులను పిలిచే జ్యూరీ పిలుపు మాత్రం పౌరులు కానివాళ్లకూ పొరపాటున వస్తుంటుంది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యకూడదు. అందులో పౌరులం కాదు అన్న గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, చెప్పిన తేదీలోగా తిరిగి పంపాలి, ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి.