మూడో సిలిండర్ దగ్గర గాలి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే గ్యారేజీకి ఆ సుజుకి జీఎస్ 750 బైకు వ్యాన్‌లో వచ్చింది. 1977 మోడల్, నాలుగు సిలిండర్లు, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే మికుని కార్బొరేటర్లు నాలుగు. యజమాని డెబ్బై దగ్గరపడ్డ ఎమిరాతీ పెద్దాయన. ఇక్కడి పాతతరం వాళ్ళలో చాలామందిలాగే ఆయనకూ హిందీ బాగా వచ్చు.

"రోడ్డు మీద బాగానే పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే రేస్ దిగదు. చెయ్యి తీసేసినా నిమిషానికి మూడువేల చుట్ల దగ్గరే అరుస్తుంది" అన్నాడు. అప్పటికే వేరే చోట మూడుసార్లు కార్బొరేటర్లు విప్పించాడట. విప్పిన ప్రతిసారీ ఒక సైజు పెద్ద జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల ముక్కలు, వేశారు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ అదే.

నాది మెట్‌పల్లి దగ్గర ఊరు. గల్ఫ్‌కు రాకముందు ఆరేళ్ళు అక్కడి మెకానిక్ షెడ్డులో ఆర్ఎక్స్ 100, సీడీ 100, స్ప్లెండర్ బండ్ల మీద చెయ్యి తిరిగింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ పని ఎవరికీ అక్కర్లేదు. ఏసీ డక్టులు మోసే హెల్పర్‌గా మూడేళ్ళు గడిచాయి. తర్వాత ఈ గ్యారేజీ దొరికింది. పాత బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు, వాటి కార్బొరేటర్ తెలిసిన చేతులే తక్కువ. అందుకే అలాంటి బండి లోపలికి వస్తే మా అర్బాబ్, అంటే గ్యారేజీ యజమాని, నా వైపే చూస్తాడు.

పెద్దాయన చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది. స్పీడులో బాగుండి ఐడ్లింగ్‌లో ఇబ్బంది పెడుతోందంటే నేను ముందు కార్బొరేటర్‌ను అనుమానించను, దాన్ని ఇంజన్ హెడ్డుకు కలిపే రబ్బరును అనుమానిస్తాను. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కార్బొరేటర్ దారి దాదాపు మూసుకుపోతుంది. ఇంజన్ మాత్రం గాలి పీల్చడం ఆపదు కదా, అప్పుడు ఆ రబ్బరు గొట్టంలో పీల్పు బాగా ఎక్కువగా ఉంటుంది. ఎక్కడ వెంట్రుకంత సందున్నా గాలి అక్కడి నుంచి దూరుతుంది. అలా వచ్చే గాలి తనతో పెట్రోలు తెచ్చుకోదు. పెట్రోలు ఒక పాలు ఉంటే గాలి బరువులో సుమారు 14.7 పాళ్ళు ఉండాలన్న లెక్క అక్కడ తప్పుతుంది. రేస్ పైనే వేలాడుతుంది, పొగగొట్టంలో టపటపమంటుంది, ప్లగ్గు సున్నం రాసినట్టు తెల్లబడుతుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో కార్బొరేటర్ నుంచే బోలెడంత గాలి వస్తుంది కాబట్టి ఈ దొంగగాలి లెక్కలోకి రాదు.

ప్లగ్గులు తీసి బెంచీ మీద వరుసగా పెట్టాను. మూడోది ఒక్కటే తెల్లగా ఉంది.

ఊళ్ళో మా ఉస్తాద్ సిరంజితో జాయింట్ల మీద పెట్రోలు చుక్కలు వేసి చూసేవాడు. నేను ఆ పని చెయ్యను. కింద సైలెన్సర్ కాలుతూ ఉంటుంది, పైన రేకుల షెడ్డు, ఎండాకాలం బయట 45 డిగ్రీలు దాటుతుంది. పక్క బెడ్డు మీద పడుకునే మనిషే పక్క బండి కింద పనిచేస్తుంటాడు. నాకు స్ప్రే సీసాలో మంచినీళ్ళు చాలు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో రబ్బరు మొదట్లో సన్నగా కొడతాను. సందు ఉన్నచోట నీళ్ళు ఒక్క క్షణం దాన్ని మూస్తాయి, ఇంజన్ చప్పుడు మారుతుంది. మూడోదాని అడుగున కొట్టగానే రేస్ గబుక్కున పడి మళ్ళీ లేచింది. ఇంకోసారి కొట్టాను. మళ్ళీ అదే.

ఒక్కో రబ్బరుకు రెండేసి స్క్రూలు, మొత్తం ఎనిమిది. జపాన్ వాళ్ళ పాత ప్లస్ స్క్రూల గాడి మన మామూలు బిట్‌కు సరిగ్గా కుదరదు. బలం పెడితే జారి తల అరిగిపోతుంది. అందుకని సరైన బిట్ పెట్టి, సుత్తి దెబ్బకు తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌తో తీశాను. ఏడు వచ్చాయి, ఎనిమిదోదానికి ఒక పూట పట్టింది.

రబ్బరు వెనక గాడిలో సందు మూసే ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు ఉంటుంది. బయటికి కనపడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. నాలుగూ చదునైపోయి ప్లాస్టిక్ ముక్కల్లా గట్టిపడ్డాయి. మూడోది వేలితో వంచగానే పుటుక్కున విరిగింది. ఇన్నేళ్ళు ఆ వేడిలో ఉన్న రబ్బరు ఇంకెలా ఉంటుంది! కొందరు అక్కడ సిలికాన్ పూసి బిగిస్తారు. పెట్రోలు తగిలితే మామూలు సిలికాన్ ఉబ్బి ఊడుతుంది, ఆ పీలిక లోపలికి పోతే ఇంకో తలనొప్పి. నేను వేడిని, పెట్రోలును తట్టుకునే వైటాన్ రింగులు, కొత్త రబ్బర్లు తెప్పించి, పాత స్క్రూల బదులు అలెన్ బోల్టులు వేశాను. పెద్ద జెట్లన్నీ తీసి కంపెనీ సైజువే పెట్టాను.

అసలు కష్టం తిరిగి ఎక్కించడంలో ఉంది. నాలుగు కార్బొరేటర్లూ ఒకే పట్టీకి బిగించి ఉంటాయి. ముందు నాలుగు రబ్బర్లు, వెనక గాలి ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్సువి నాలుగు, ఎనిమిదింట్లోకి ఒకేసారి దూరాలి. ఎయిర్ బాక్సు బోల్టులు వదులు చేసి వెనక్కి జరిపాను. రబ్బర్లను వేడినీళ్ళలో మెత్తబరిచి, అంచులకు కొంచెం సబ్బునీళ్ళు రాసి, పక్క బండి ఉస్తాద్ సాయం పడితే ఇద్దరం కలిసి నెట్టాం. సియాల్‌కోట్ మనిషి. "బిస్మిల్లా" అన్నాడు, టక్కుమని కూర్చుంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

మర్నాడు చిన్న అద్దం, టార్చి పెట్టి చూస్తే ఎయిర్ బాక్సు వైపు మూడో రబ్బరు అడుగు అంచు లోపలికి మడత పడి ఉంది. తప్పు నాదే, రాత్రి పూట తొందరలో వేలితో తడిమి చూడలేదు. ఆ మడత సందు ఫిల్టర్ దాటాక ఉంది. ఈ ఎడారి దుమ్ము అందులోంచి నేరుగా సిలిండర్‌లోకి పోతే పిస్టన్ రింగులను గీరి తినేస్తుంది. మొత్తం మళ్ళీ విప్పాను. ఇప్పుడు ఎవరైనా ఎయిర్ బాక్సు పీకేసి అందం కోసం కార్బొరేటర్లకే నేరుగా చిన్న చిన్న పాడ్ ఫిల్టర్లు పెట్టమంటే ఇక్కడి ఇసుక గురించి చెప్పి వద్దంటాను. జెట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వస్తుందని కూడా చెబుతాను. వినకపోతే అర్బాబ్‌కు అప్పగిస్తాను.

రెండోసారి బిగించాక పీల్పు కొలిచే గేజీలు తగిలించి నాలుగింటి పీల్పూ సమానం చేశాను. పెద్దాయన వచ్చి యాక్సిలరేటర్ తిప్పి వదిలేశాడు. ముల్లు ఐదువేల నుంచి తిన్నగా వెయ్యి దగ్గరికి దిగి నిలబడింది. ఆయన మళ్ళీ మళ్ళీ తిప్పి వదిలేస్తూనే ఉన్నాడు. పెళ్ళికి ముందు కొన్న బండి అని చెప్పాడు.

ఆ రాత్రి రూముకొచ్చి ఇంటికి వీడియో కాల్ చేశాను. మాకు తొమ్మిదంటే అక్కడ పదిన్నర. తమ్ముడి కొడుకు మా పాత షెడ్డులోనే పని నేర్చుకుంటున్నాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బొరేటర్ బదులు ఇంజెక్షనే. కార్బొరేటర్ అంటే వాడికి పాత బండ్లతో వచ్చేదే.

"పెద్దబాపూ, ఒక ఆర్ఎక్స్ వచ్చింది. రేస్ దిగుతలేదు. కార్బొరేటర్ రెండుసార్లు కడిగిన" అన్నాడు.

"కార్బొరేటర్ ముట్టకు బిడ్డా. సీసాల నీళ్ళు పట్టుకొని బండికాడికి పో. ఫోన్ కట్ చెయ్యకు" అన్నాను.

వాడు షెడ్డు లైటు వేసి కిక్కు కొట్టాడు. ఫోను కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రీడ్ బ్లాక్ దగ్గరి రబ్బరు వైపు తిప్పమన్నాను. చప్పుడు వినపడాలని రూములో ఫ్యాన్ ఆపేశాను.