సైకిల్ మీంచి పడ్డాక భుజం: స్లింగ్ ఎన్నాళ్లు, కదలిక ఎప్పటి నుంచి

పక్కకు జారి పడితే భుజం కొసే నేలకు కొట్టుకుంటుంది. దాంతో కాలర్ బోన్ విరుగుతుంది, లేదంటే ఆ ఎముక భుజం ఎముకను కలిసే ఏసీ జాయింట్ దగ్గర లిగమెంట్లు (ఎముకలను కలిపి కట్టే పట్టీలు) తెగుతాయి. ముందు బ్రేక్ గట్టిగా పట్టేసి హ్యాండిల్ మీదుగా ఎగిరి, చేయి చాచి పడినవాళ్లకైతే భుజం కీలు జారొచ్చు, మణికట్టూ విరగొచ్చు. ఎలా పడ్డారో డాక్టర్‌కి చెప్పండి, సగం పని అక్కడే అవుతుంది.

కాలర్ బోన్ ఎక్కువగా మధ్యలో విరుగుతుంది. అక్కడ ఉబ్బుతుంది, ముట్టుకోనివ్వదు. ఏసీ జాయింట్ దెబ్బలో నొప్పి సరిగ్గా భుజం కొసన, వేలితో చూపించగలిగేంత చోట ఉంటుంది. చేతిని ఛాతీ మీదుగా రెండో భుజం వైపు తెస్తే ప్రాణం పోయినట్టుంటుంది. కీలు జారితే భుజం గుండ్రదనం పోయి మూల తేలుతుంది, చేయి ఒంటికి ఆనదు. అప్పుడు పక్కనున్నవాళ్లు లాగి సరిచేయబోతారు, ఒప్పుకోకండి. లోపల ఎముక కూడా విరిగి ఉండొచ్చు, నరం నలగొచ్చు. చేతి పైభాగంలో బయటి వైపు చర్మం మొద్దుబారిందేమో చూసి, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. వేళ్లు చల్లబడినా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా, ఎముక మొన కింద చర్మం బిగిసి తెల్లబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేళ్లు వాచకముందే ఉంగరాలు తీసేయండి. ఐస్‌ని గుడ్డలో చుట్టి ఒక్కోసారి 15 నిమిషాలు పెడితే చాలు.

చేతిని మెడకు వేలాడదీసే గుడ్డ సంచి, అదే స్లింగ్, దాదాపు అందరికీ ఇస్తారు, సరిగ్గా వేసుకునేవాళ్లు తక్కువ. మోచేయి ఆ సంచి వెనక మూలకు పూర్తిగా ఆనాలి, మణికట్టు మోచేయి కంటే కాస్త పైన ఉండాలి. పట్టీ వదులై మోచేయి కిందకు జారితే చేతి బరువంతా భుజం మీదే వేలాడుతుంది. ఏసీ దెబ్బలో నొప్పి తగ్గకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, విప్పేటప్పుడు అది చివర. రాత్రి వెల్లకిలా, నడుము పైభాగం ఎత్తుగా పెట్టుకుని, మోచేయి కింద దిండుతో పడుకుంటే నిద్ర పడుతుంది.

ఎన్నాళ్లంటే: తేలికపాటి ఏసీ దెబ్బకు కొన్ని రోజుల నుంచి రెండు వారాలు, జారిన కీలుకు ఒకటి నుంచి మూడు వారాలు, కాలర్ బోన్‌కు నొప్పి తగ్గేదాకా, అంటే సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు. ఆపరేషన్ అయితే సర్జన్ చెప్పిందే లెక్క. విరిగిన ముక్కలు పూర్తిగా విడిపోయినా, ఎముక రెండు సెంటీమీటర్లకు మించి కురచబడినా ఆపరేషన్ చేసి లోహపు ప్లేట్ వేయాలా అన్న చర్చ వస్తుంది. మిగతావి చాలావరకు స్లింగ్‌తోనే అతుకుతాయి. పొగ తాగితే మాత్రం ఆలస్యం.

స్లింగ్‌లో ఉన్నా మోచేయి, మణికట్టు, వేళ్లు మొదటి రోజు నుంచే కదలాలి. డాక్టర్ సరేనన్నాక లోలకం వ్యాయామం: బాగున్న చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, రెండో చేయి వేలాడదీసి, నడుముతో ఒంటిని ఊపాలి. చేయి దానంతట అదే ఊగాలి. భుజం కండరంతో తిప్పితే వ్యాయామం చేసినట్టు కాదు, దెబ్బను కెలికినట్టే. చేయి భుజం ఎత్తు దాటితే కాలర్ బోన్ తన ఇరుసు మీద తిరుగుతుంది, అతుకు పచ్చిగా ఉన్నప్పుడు కదిలిపోతుంది. అందుకే తొలి వారాల్లో ఆ ఎత్తు దాటొద్దంటారు. అలాగని భయంతో నెలల తరబడి కదపకపోతే కీలు బిగుసుకుపోతుంది, దాన్ని వదిలించడం విరిగిన ఎముకను అతికించడం కంటే విసుగు.

చాలామంది మోసపోయేది ఎక్స్‌రే బాగుందన్న మాట దగ్గర. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది, భుజం కండరాలను ఎముకకు కట్టిపడేసే రొటేటర్ కఫ్ స్నాయువులు కనిపించవు. రెండు వారాలైనా చేయి సొంతంగా లేవక, రెండో చేత్తో ఎత్తితే మాత్రం సులువుగా లేస్తోందంటే, ముఖ్యంగా నలభై దాటినవాళ్లు, అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ అడగాలి. తెగిన స్నాయువు నెలలు గడిచేకొద్దీ వెనక్కి లాక్కుపోతుంది, కండరంలో కొవ్వు చేరుతుంది. అప్పుడు కుడదామన్నా అందదు.

కాళ్ల సత్తువ పోకుండా, నొప్పి తగ్గాక, నిటారుగా కూర్చుని, దెబ్బ తగిలిన చేయి ఆనించకుండా ఇండోర్ ట్రైనర్ (సైకిల్‌ని ఒకచోటే నిలిపి తొక్కే స్టాండ్) మీద తొక్కొచ్చు. రోడ్డెక్కడానికి డాక్టర్ అనుమతితో పాటు మూడు పరీక్షలు: గోడకు పుషప్‌లు నొప్పి లేకుండా చేయాలి, ఒంటి చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి చూడగలగాలి, బ్రేక్ గట్టిగా నొక్కినప్పుడు ముందుకు వచ్చే బరువును రెండు చేతులూ ఆపాలి. మొదట్లో హ్యాండిల్ కాస్త ఎత్తుగా, దగ్గరగా పెట్టుకుంటే భుజానికి హాయి. ఈలోపు సైకిల్‌నీ చూపించండి. కార్బన్ హ్యాండిల్, ఫోర్క్‌లో పగుళ్లు కంటికి ఆనవు, నేలకు కొట్టుకున్న హెల్మెట్‌నైతే మార్చేయాల్సిందే.

కాలర్ బోన్ అతికిన చోట చిన్న గడ్డ మిగులుతుంది, అది మామూలే. వీపు సంచి పట్టీ సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటుంది కాబట్టి, కొన్నాళ్లు సామాను సైకిల్ క్యారియర్ మీదే పెట్టుకోండి.